కార్డు కొనే ముందు మూత తీసి చూడండి

ఎనిమిదేళ్లో పదేళ్లో వాడిన చవక డెస్క్‌టాప్‌ను పారేయడానికి మనసొప్పక, గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి పెడితే మళ్లీ కొన్నాళ్లు పనికొస్తుందా అని అడుగుతూ చాలామంది పాఠకులు రాశారు. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, ఉత్తరాలను కుదించి ఇక్కడ జవాబులిస్తున్నాము. మొదటి ప్రశ్నకు ఇచ్చిన జవాబు పొడుగైనదే అయినా, మిగతా వాటిలో చాలా సంగతులకు అదే ఆధారం కనుక దాన్ని దాటవేయవద్దని మనవి.

ప్రశ్న: మా ఇంట్లో ఒక ఆఫీసు వాడి తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఉంది. కోర్ ఐ5 4570 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్కు, విండోస్ 10. మా అబ్బాయి ఆటలు ఆడుకోవడానికీ, వీడియో ఎడిటింగ్ నేర్చుకోవడానికీ గ్రాఫిక్స్ కార్డు కావాలంటున్నాడు. తెలిసినవారిలో ఒకరు జీటీఎక్స్ 1650 పెట్టించమన్నారు. మరొకరు ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) మార్చకుండా ఏ కార్డూ పెట్టకూడదన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరూ సగం నిజమే చెప్పారు; మిగతా సగం మీ క్యాబినెట్ లోపల ఉంది. పాత డెస్క్‌టాప్ విషయంలో కార్డును ముందు ఎంచుకుని ఆ తరువాత అది పడుతుందా అని చూడటం తలకిందుల పద్ధతి. ఎంత కరెంటు ఇవ్వగలదో, ఎంత చోటు ఉందో, ఎలాంటి స్లాటు ఉందో ఆ పెట్టే చెబుతుంది, ఆ హద్దుల్లో మిగిలిన రెండు మూడు కార్డులలో నుంచి మాత్రమే మనం ఎంచుకోవాలి. కాబట్టి కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్ పీకి, పక్క మూత తీయండి.

మొదట ఎస్ఎంపీఎస్ మీద అంటించిన లేబుల్ చదవండి. అందరూ మొత్తం వాట్లు ఎంతని చూస్తారు గాని, గ్రాఫిక్స్ కార్డు దాదాపు పూర్తిగా 12 వోల్టుల లైను మీదనే ఆధారపడుతుంది కనుక చూడవలసింది ఆ లైను ఎదురుగా రాసిన ఆంపియర్ల సంఖ్య. ఉదాహరణకు అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే, 12తో గుణిస్తే 216 వాట్లు వస్తాయి. అదే మీ చేతిలో ఉన్న అసలు పెట్టుబడి. మీ ప్రాసెసర్‌కు తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ వేడి పరిమాణం 84 వాట్లు. మదర్‌బోర్డు, డిస్కు, ఫ్యాన్లు కలిపి ఇంకో 40 వాట్ల దాకా వేసుకోండి. అంటే 75 వాట్ల కార్డు పెట్టినా మొత్తం 200 దగ్గర ఆగుతుంది. ఇది ఇరుకైన లెక్కే, కాని అసాధ్యమైన లెక్క కాదు. పెద్ద ఆఫీసులకు అమ్మే బ్రాండెడ్ యంత్రాలలో ఎస్ఎంపీఎస్ చిన్నదైనా సాధారణంగా లేబుల్ మీద రాసిన మేరకు కరెంటు ఇస్తుంది. తక్కువ ఖరీదు అసెంబుల్డ్ క్యాబినెట్‌తో పాటు వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 అని పెద్ద అక్షరాలతో ఉన్నప్పటికీ, 12 వోల్టుల లైనులో అందులో సగం కూడా లేకపోవడం నేను చాలాసార్లు చూశాను. పదేళ్లు నడిచిన ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్లు కొంత శక్తి కోల్పోయి ఉంటాయన్నది కూడా గుర్తుంచుకుని, లెక్క అంచుకు చేరకుండా చూసుకోవాలి.

75 వాట్లు అన్న సంఖ్య యాదృచ్ఛికం కాదు. మదర్‌బోర్డు మీద ఉండే పొడవాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు నుంచి గ్రాఫిక్స్ కార్డు తీసుకోగల గరిష్ఠ కరెంటు అంతే: అందులో 66 వాట్లు 12 వోల్టుల నుంచి, మిగతాది 3.3 వోల్టుల నుంచి వస్తుంది. అంతకు మించి కావలసిన కార్డులకు ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చే 6 పిన్నుల తీగతో ఇంకో 75 వాట్లు గాని, 8 పిన్నుల తీగతో ఇంకో 150 వాట్లు గాని అందించాలి. మీ యంత్రంలో అలాంటి తీగ ఉండే అవకాశం తక్కువ. అందువల్ల స్లాటు కరెంటుతోనే నడిచే కార్డుల దగ్గర మన అన్వేషణ ఆగిపోతుంది.

ఎస్ఎంపీఎస్ మార్చమన్న మీ మిత్రులు ఒక సంగతి చెప్పి ఉండరు. బ్రాండెడ్ ఆఫీసు యంత్రాలలో ఎస్ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే కనెక్టర్ చాలాసార్లు మామూలు 24 పిన్నులది కాదు. కంపెనీ సొంతంగా చేసుకున్న 6, 8 లేదా 14 పిన్నుల రకం. బయట దొరికే ఎస్ఎంపీఎస్‌ను దానికి తగిలించాలంటే సరిగ్గా ఆ మోడల్‌కు సరిపోయే మార్పిడి తీగ కావాలి, ఆపైన అది ఆ పెట్టెలో పట్టాలి కూడా. మీది సన్నని డెస్క్‌టాప్ అయితే ఆ ఆలోచన అక్కడితో వదిలేయడం మంచిది.

ఇక చోటు. వెనకవైపు స్లాట్లకు ఎదురుగా ఉండే రేకు పట్టీ ఎత్తు కొలవండి. సుమారు 12 సెంటీమీటర్లు ఉంటే పూర్తి ఎత్తు కార్డు పడుతుంది. 8 సెంటీమీటర్ల లోపు ఉంటే లో ప్రొఫైల్ అనే పొట్టి కార్డు మాత్రమే పడుతుంది. స్లాటు పక్కన రెండో స్లాటు చోటు ఖాళీగా ఉందా, ఎస్ఎంపీఎస్ అడ్డు వస్తోందా అన్నది కూడా చూడాలి, ఎందుకంటే 75 వాట్ల కార్డులలో చాలా వాటికి రెండు స్లాట్ల మందం ఉంటుంది. స్లాటు చివర నుంచి డిస్కు పెట్టిన చట్రం దాకా పొడవు కూడా కొలిచి కాగితం మీద రాసుకోండి. దుకాణంలో నిలబడి గుర్తు తెచ్చుకునే సంగతి కాదిది.

ఇప్పుడు కార్డుల మాట. అదనపు తీగ అక్కర్లేని వాటిలో 2014లో వచ్చిన జీటీఎక్స్ 750 టీఐ (60 వాట్లు), 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ (75 వాట్లు), 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 (75 వాట్లు), 2022 నాటి ఆర్ఎక్స్ 6400 (53 వాట్లు), 2024 నాటి ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ రకం (70 వాట్లు) ముఖ్యమైనవి. మొదటి రెండింటికీ ఒక ఇబ్బంది వచ్చిపడింది: ఆ తరాల కార్డులకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు (విండోస్ చేత కార్డును నడిపించే ప్రోగ్రాములు) విడుదల చేయడాన్ని వాటి చిప్పుల తయారీదారు ఎన్విడియా 2025 అక్టోబరుతో ముగించి, భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామని ప్రకటించింది. చేతిలో ఉన్న 1050 టీఐని తీసి పారేయవలసిన పని లేదు గాని, ఈనాడు డబ్బు పెట్టి కొనడానికి మాత్రం నేను సలహా ఇవ్వను.

ఆర్ఎక్స్ 6400 పేరు వినగానే కొత్తది, కరెంటు తక్కువ తీసుకుంటుంది అని ముచ్చట పడతాము. అయితే ఆ కార్డు స్లాటులోని 16 లేన్లలో (సమాచారం నడిచే దారులలో) నాలుగింటినే వాడుకుంటుంది. నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉన్న కొత్త బోర్డులో అది సరిపోవచ్చు. మీ బోర్డు మహా అయితే మూడో తరానిది కాబట్టి ఆ నాలుగు లేన్ల మీద సెకనుకు సుమారు 4 జీబీ మాత్రమే ప్రవహిస్తుంది. కార్డులో ఉన్న 4 జీబీ మెమరీ నిండి, సమాచారం కోసం మాటిమాటికీ ర్యామ్ వైపు చూడవలసి వచ్చినప్పుడు ఆట తడబడుతుంది. దానికి తోడు ఆ కార్డులో వీడియోను కుదించే ఎన్‌కోడర్ అసలు లేదు. మీ అబ్బాయి వీడియో ఎడిటింగ్ కూడా నేర్చుకోవాలంటున్నాడు గనుక అది మీకు సరిపడదు.

కాబట్టి మీ మొదటి మిత్రుడు సూచించిన జీటీఎక్స్ 1650 మీద నాకు అభ్యంతరం లేదు, ఒక షరతుతో. ఆ పేరుతో వేర్వేరు కంపెనీలు తయారు చేసిన మోడళ్లలో కొన్నింటికి వేగం పెంచిన కారణంగా 6 పిన్నుల తీగ తప్పనిసరి. ఆ కనెక్టర్ లేని మోడల్, మీ పెట్టె సన్ననిదైతే లో ప్రొఫైల్ మోడల్, అడిగి మరీ తీసుకోవాలి. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ అంతకన్నా బలమైనదే, మెమరీ కూడా ఎక్కువే. కాని నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు ఉన్న మీ ప్రాసెసర్ దాని పూర్తి బలాన్ని చాలా ఆటల్లో బయటకు రానివ్వదు. రేపు ప్రాసెసర్, బోర్డు మార్చి ఇదే కార్డును అందులోకి తరలించే ఉద్దేశం ఉంటే తప్ప దానికి పోవలసిన అవసరం లేదు.

ఆటలో అడ్డుపడుతున్నది కార్డా, ప్రాసెసరా అని తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. కార్డు పెట్టిన తరువాత ఒక ఆటను 1920 × 1080 రిజల్యూషన్‌లో ఆడి, సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూసి, అదే చోట 1280 × 720కి తగ్గించి మళ్లీ చూడండి. మొదటి దానిలో 20,73,600 పిక్సెళ్లు, రెండో దానిలో 9,21,600 మాత్రమే ఉన్నాయి. అంటే కార్డు మీద పని సగానికి పైగా తగ్గింది. అయినా ఫ్రేముల సంఖ్య పెద్దగా పెరగకపోతే అడ్డు ప్రాసెసర్ దగ్గర ఉందని అర్థం, ఇంకా పెద్ద కార్డు కొన్నా ఉపయోగం లేదు. చక్కగా పెరిగితే కార్డుదే భారం.

ఇంకో రెండు మాటలు. 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్ రూపంలో ఉంటే రెండో స్టిక్ జోడించండి, హార్డ్ డిస్కు బదులు ఎస్ఎస్‌డీ పెట్టండి. రెండో పని వల్ల ఆటలో ఫ్రేములు పెరగవు గాని, యంత్రం పదేళ్ల ముసలిదన్న సంగతి ఇంట్లో అందరూ మరచిపోతారు. ఇక విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, మీ ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. కార్డు మీద ఎంత ఖర్చు పెట్టాలన్నది ఈ సంగతిని కూడా పక్కన పెట్టుకుని నిర్ణయించుకోండి.

ప్రశ్న: నాకు తక్కువలో దొరికిన కార్డుకు 6 పిన్నుల కరెంటు తీగ కావాలి. మా ఎస్ఎంపీఎస్‌లో అది లేదు. డీవీడీ డ్రైవ్‌కు వాడే సాటా కరెంటు తీగను 6 పిన్నులకు మార్చే అడాప్టర్ అమ్ముతున్నారు. వాడవచ్చునా?

జవాబు: వాడకండి. సాటా కనెక్టర్‌లో 12 వోల్టుల కోసం మూడు పిన్నులు ఉంటాయి, ఒక్కొక్కటి 1.5 ఆంపియర్లకు ఉద్దేశించినది. మొత్తం 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. అదే చోటు నుంచి 75 వాట్ల దాకా లాగగల కనెక్టర్‌ను తగిలిస్తున్నాము. ఆట మొదలుపెట్టగానే ఆ చిన్న ప్లాస్టిక్ కనెక్టర్ వేడెక్కి కరగవచ్చు, ఆ తరువాత జరిగేది కంప్యూటర్‌కే పరిమితం కాకపోవచ్చు. అసలు విషయం అడాప్టర్ మంచిదా చెడ్డదా అన్నది కూడా కాదు. 6 పిన్నుల తీగ ఇవ్వకుండా ఎస్ఎంపీఎస్ తయారు చేశారంటే, అంత భారం మోయడానికి దాన్ని తయారు చేయలేదని వారే చెబుతున్నట్టు. ఆ కార్డును వదులుకోండి, లేదా మీ క్యాబినెట్‌లో మామూలు కనెక్టర్లే ఉంటే నమ్మకమైన ఎస్ఎంపీఎస్ కొన్నాకే దాన్ని బిగించండి.

ప్రశ్న: జీటీ 730 కార్డు 2 జీబీ, 4 జీబీ రకాలలో కనిపిస్తోంది. జీటీ 1030 మాత్రం 2 జీబీయే ఉంది. 4 జీబీ ఉన్న 730 తీసుకోవడమే మేలు కదా?

జవాబు: కాదు. చవక కార్డుల మార్కెట్టులో కొనేవారిని అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదారి పట్టించేది పెట్టె మీద పెద్దగా అచ్చువేసిన ఈ జీబీల అంకె. ట్యాంకు ఎంత పెద్దదైనా కుళాయి సన్నదైతే బిందె నిండటానికి ఎంత సేపు పడుతుందో మీకు తెలుసు. ఇక్కడ కుళాయి అంటే మెమరీ రకం, దాని దారి వెడల్పు. జీటీ 730 పేరు మీద కనీసం మూడు వేర్వేరు కార్డులు అమ్మారు: పాత ఫెర్మీ చిప్పుతో 96 కోర్లు ఉన్నది ఒకటి, కెప్లర్ చిప్పుతో 384 కోర్లు ఉండి నెమ్మది డీడీఆర్3 మెమరీ పెట్టినది ఒకటి, అదే చిప్పుకు జీడీడీఆర్5 మెమరీ పెట్టినది మరొకటి. రెండోదానిలో సెకనుకు 14 జీబీ చొప్పున సమాచారం కదిలితే, మూడోదానిలో 40 జీబీ కదులుతుంది. 4 జీబీ అని ఊరించేవి సాధారణంగా నెమ్మది డీడీఆర్3 రకాలే. ఆ మెమరీ మొత్తాన్ని వాడుకోవలసినంత బరువైన పని వస్తే ఆ చిప్పు ఎలాగూ మోయలేదు.

జీటీ 1030లోనూ ఈ మాయ ఉంది. 2017లో వచ్చిన జీడీడీఆర్5 రకం సెకనుకు 48 జీబీ ఇస్తుంది, మరుసటి ఏడాది అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకం 17 జీబీ కూడా ఇవ్వదు. పేరు ఒకటే అయినా ఆటల్లో రెండోది మొదటిదానికి దరిదాపుల్లోకి రాదు. పెట్టె పక్కన చిన్న అక్షరాలతో ఉన్న మెమరీ రకం చదివి, జీడీడీఆర్5 అని ఉంటేనే తీసుకోండి. ఇక 730 సంగతి మరచిపోవడమే మంచిది: ఫెర్మీ చిప్పులకు 2018లోను, కెప్లర్ చిప్పులకు 2021లోను ఆటల డ్రైవర్ల విడుదల ఆగిపోయింది. 1030 వయసు కూడా మీదపడుతోంది, అది 1050 టీఐ తరానిదే గనుక పైన చెప్పిన గడువులే దానికీ వర్తిస్తాయి. తెర కనిపించడానికి, వీడియోలు చూడటానికి, చాలా పాత ఆటలకు తప్ప దాన్ని గేమింగ్ కార్డు అనుకుని కొనకండి.

ప్రశ్న: నాది రైజెన్ 3 2200జీ ప్రాసెసర్, ఒకే 8 జీబీ ర్యామ్ స్టిక్. ఆటలు నెమ్మదిగా ఉన్నాయి. జీటీ 710 పెడితే ఏమైనా మారుతుందా?

జవాబు: మారుతుంది, ఇంకా నెమ్మదిస్తుంది. మీ ప్రాసెసర్‌లోనే ఉన్న వేగా 8 గ్రాఫిక్స్‌లో 512 షేడర్లు (బొమ్మను లెక్కగట్టే చిన్న యూనిట్లు) ఉన్నాయి. జీటీ 710లో 192. వేర్వేరు కంపెనీల అంకెలను నేరుగా పోల్చకూడదన్న మాట నిజమే అయినా, ఇక్కడ తేడా ఆ జాగ్రత్త అక్కర్లేనంత పెద్దది. మీ గ్రాఫిక్స్ నెమ్మదిగా ఉండటానికి అసలు కారణం వేరు. దానికి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే ప్రాసెసర్‌తో పంచుకుంటుంది. 2400 వేగం ఉన్న డీడీఆర్4 స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకు 19.2 జీబీ మాత్రమే అందుతుంది. అలాంటిదే రెండోది సరైన స్లాటులో పెడితే 38.4 జీబీ అవుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చే మార్పు ఈ ఉత్తరాలన్నిటిలో ఇంకొకటి లేదు. నాలుగు స్లాట్లున్న బోర్డులో పక్కపక్కన కాక ఒకటి విడిచి ఒకటి పెట్టాలి, ఏ రెండో బోర్డు పుస్తకంలో ఉంటుంది. ఆ తరువాత బయాస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోని సెట్టింగుల ప్రోగ్రాములోకి) వెళ్లి ర్యామ్ దాని మీద రాసిన వేగంతోనే నడుస్తోందా అని చూడండి, చాలా బోర్డులు మనం చెప్పేదాకా తక్కువ వేగంతోనే నడిపిస్తాయి. అప్పటికీ చాలకపోతే కార్డు గురించి మళ్లీ రాయండి; అప్పుడు కూడా మీ ప్రాసెసర్ కార్డుకు 16 కాక 8 లేన్లే ఇస్తుందన్నది లెక్కలోకి తీసుకోవాలి.

ప్రశ్న: నేను ఆటలు ఆడను. పాత పెంటియం డెస్క్‌టాప్‌లో ఆన్‌లైన్ వీడియోలు 1080లో పెడితే ఆగి ఆగి వస్తున్నాయి. దీనికీ కార్డు అవసరమా?

జవాబు: బహుశా అవసరం లేదు. వీడియో ఏ పద్ధతిలో కుదించబడి వస్తుందో ఆ పద్ధతిని విప్పే ప్రత్యేక భాగం గ్రాఫిక్స్‌లో ఉంటే ప్రాసెసర్‌కు శ్రమ ఉండదు, లేకపోతే ఆ పని మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. మీ యంత్రం తయారైన కాలంలో హెచ్.264 పద్ధతి రాజ్యమేలింది; ఇప్పటి వీడియోలు వీపీ9, ఏవీ1 పద్ధతులలో వస్తున్నాయి. రెండు కోర్ల పెంటియం ఆ బరువు మోయలేక ఆయాసపడుతోంది. ముందు బ్రౌజర్ సెట్టింగులలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆ తరువాత హెచ్.264 రూపంలోనే వీడియో పంపమని అడిగే చిన్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఉచితంగా దొరుకుతాయి, ఒకటి పెట్టి చూడండి. దానితోనే సమస్య తీరిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. తీరకపోతే వీపీ9నూ, హెచ్ఈవీసీ అనే ఇంకో పద్ధతినీ విప్పగల జీటీ 1030 మీకు సరిపోతుంది, అదీ 30 వాట్లతోనే. ఇక్కడ విచిత్రమేమిటంటే ఆటల్లో దానికన్నా చాలా బలమైన జీటీఎక్స్ 750 టీఐ ఈ పనికి పనికిరాదు, అందులో వీపీ9 విప్పే భాగం లేదు. ఏవీ1 కూడా కావాలంటే ఆర్‌టీఎక్స్ 30 శ్రేణి, ఇంటెల్ ఆర్క్ వంటి కొత్త కార్డు అయి ఉండాలి. ఒక పాత పెంటియం కోసం అంత దూరం వెళ్లడం సబబు కాదు.

ప్రశ్న: కార్డు బిగించాను, ఫ్యాను తిరుగుతోంది, తెర మీద మాత్రం ఏమీ రావడం లేదు. కార్డు పాడైనట్టేనా?

జవాబు: తొందరపడకండి. మానిటర్ కేబుల్ ఎక్కడ ఉందో చూడండి: మదర్‌బోర్డుకు ఉన్న పాత సాకెట్టులోనే ఉండి ఉంటుంది. అలాంటప్పుడు కొన్ని యంత్రాలలో తెర నల్లగా ఉంటుంది, మరికొన్నింటిలో తెర వచ్చి కార్డు మాత్రం ఊరికే కూర్చుంటుంది. కేబుల్‌ను కార్డు వెనకవైపు సాకెట్టుకు మార్చండి. మీ మానిటర్‌కు నీలిరంగు వీజీఏ సాకెట్టు ఒక్కటే ఉంటే ఇంకో చిక్కు ఉంది. జీటీఎక్స్ 10 శ్రేణి నుంచి ఎన్విడియా కార్డులు అనలాగ్ సంకేతాన్ని ఇవ్వడం మానేశాయి కనుక, డీవీఐ నుంచి వీజీఏకు మార్చే పాత పిన్నుల ముక్క వాటి మీద పని చేయదు. లోపల చిప్పు ఉండి సంకేతాన్ని మార్చే యాక్టివ్ అడాప్టర్ తీసుకోవాలి.

రెండూ సరిగ్గా ఉంటే కార్డును తీసి, స్లాటు చివర ఉన్న చిన్న కొక్కెం టక్కుమనే దాకా మళ్లీ నొక్కి పెట్టండి. కార్డుకు కరెంటు తీగ కావలసి ఉంటే అది పెట్టారా అని చూడండి. అప్పటికీ రాకపోతే అనుమానం బయాస్ మీదికి మళ్లుతుంది. 2012కు ముందరి బోర్డులలో చాలా వాటికి పాత తరహా బయాస్ మాత్రమే ఉంది, కొత్త కార్డులలో కొన్ని యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా బయాస్ ఉన్న బోర్డు మీదనే తెర చూపిస్తాయి. బోర్డు తయారీదారు ఇచ్చిన చివరి బయాస్ అప్‌డేట్ వేసి చూడవచ్చు, వేసే సమయంలో కరెంటు పోకుండా చూసుకోవాలి. కార్డు పాడైందని తేల్చే ముందు దాన్ని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడటం మాత్రం తప్పదు.

ప్రశ్న: 2004లో కొన్న కంప్యూటర్ ఇంకా నడుస్తోంది. ఏజీపీ స్లాటు ఉంది. ఏ కార్డు పెట్టమంటారు?

జవాబు: ఏదీ పెట్టమనను. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కు ముందరిదైన ఏజీపీ స్లాటులో ఇప్పటి కార్డులేవీ పట్టవు, దొరికే పాత కార్డులకు ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌లలో డ్రైవర్లు లేవు. ఆ కాలపు ఆటల కోసమే దాన్ని ఉంచుకుని ఉంటే ఉన్నది ఉన్నట్టుగా కాపాడుకోండి, అందులో దుమ్ము దులిపి ప్రాసెసర్ ఫ్యాను కింద పేస్టు మార్చడానికి మించి ఖర్చు పెట్టకండి.

ప్రశ్న: వాడిన జీటీఎక్స్ 1050 టీఐ ఒకరు చాలా తక్కువకు ఇస్తామంటున్నారు. నకిలీవి ఉంటాయని విన్నాను. గుర్తు పట్టేదెలా?

జవాబు: ఆ కార్డు కొనడం గురించి నా అభిప్రాయం మొదటి జవాబులోనే ఉంది. అయినా ధర అంత ఆకర్షణీయంగా ఉంటే, మీ భయం మాత్రం నిజమైనదే. జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ వంటి పాత కార్డుల బయాస్‌ను మార్చి, విండోస్‌లో 1050 టీఐ అని కనిపించేలా చేసి అమ్మారు. విండోస్ డివైస్ మేనేజర్ చూపించే పేరును కాబట్టి నమ్మవద్దు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లి, అమ్మేవారి ముందే నడపండి. అసలైన 1050 టీఐలో 768 షేడర్లు, 4 జీబీ జీడీడీఆర్5 మెమరీ ఉండాలి. 192 అని కనిపిస్తే అది వేషం మార్చిన పాత కార్డు. నకిలీ చిప్పును పసిగడితే ఆ ప్రోగ్రామే ఫేక్ అని చూపిస్తుంది కూడా. కంటికి కనిపించే గుర్తు ఇంకొకటి ఉంది: ఈ కార్డుకు అనలాగ్ సంకేతం లేదు కనుక, వెనకవైపు నీలిరంగు వీజీఏ సాకెట్టు ఉంటే కంప్యూటర్ కూడా ఆన్ చేయనక్కర్లేకుండా వెనుతిరగవచ్చు.

అసలుదే అని తేలాక ఏదైనా ఆటనో, పరీక్ష ప్రోగ్రామునో అరగంట సేపు నడిపించమని అడగండి. ఐదు నిమిషాలు నిలిచే కార్డులు ఇరవయ్యో నిమిషంలో చతికిలబడటం మామూలే. వేడి పెరిగిన తరువాతనే మెమరీ లోపాలు తెర మీద రంగురంగుల చుక్కలుగా, గీతలుగా బయటపడతాయి. ఫ్యానును చెవి దగ్గర పెట్టుకుని వినండి, గరగరమంటే బేరింగ్ అరిగింది, దాన్ని మార్చుకోవచ్చు, ఆ మేరకు బేరం చేయండి. అరగంట పరీక్షకు అమ్మేవారు ఒప్పుకోకపోతే బేరమే చేయకండి.